అద్దె కారు తాళాలు తీసుకునే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

రెండు విమానాలు మారి లాస్ ఏంజిలిస్‌లో దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. కళ్లు మూతలు పడుతున్నాయి. అద్దె కార్ల కౌంటర్‌లో అమ్మాయి ఒక ట్యాబ్లెట్ నా ముందుకు జరిపింది. ఈ కవరేజీ కావాలా, ఆ కవరేజీ కావాలా అని వరసగా నాలుగు గళ్లు. "అన్నిటికీ వద్దని చెప్పెయ్యి బాబాయ్, అవన్నీ డబ్బులు గుంజడానికే" అని మా అన్నయ్య కొడుకు ముందే ఫోన్‌లో చెప్పి ఉన్నాడు. నా వేలు 'వద్దు' మీదే ఉంది.

వాడి మాట తప్పు కాదు. కాకపోతే అది వాడికి సరిపోయే మాట. వాడికి డల్లాస్‌లో సొంత కారుంది, దానికి పాలసీ ఉంది. అమెరికాలో అలాంటి పాలసీలు చాలావరకు అక్కడ అద్దెకు తీసుకున్న కారుకి కూడా వర్తిస్తాయి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లిన మనకు ఆ అండ లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటాం. అది ముఖ్యంగా మన వైద్యం ఖర్చుల కోసం. అందులో లయబిలిటీ, అంటే మన వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, అని రాసి ఉన్నా, సాధారణంగా మనం నడిపే వాహనానికి వర్తించదు.

మనవాళ్లు తీసుకుంటే 'డ్యామేజ్ వేవర్' ఒక్కటీ తీసుకుంటారు. కారుకి సొట్ట పడినా, దొంగలు ఎత్తుకుపోయినా మిమ్మల్ని డబ్బు అడగం అని కంపెనీ ఇచ్చే హామీ అది. అంతటితో ఫుల్ ఇన్సూరెన్స్ అయిపోయిందని నిశ్చింతగా బయల్దేరతారు. నాకు భయమంతా ఇక్కడే. ఆ హామీ కారుకే. మన కారు తగిలి ఎవరికైనా కాలు విరిగితే, ఆ మనిషికి కాదు.

కాలిఫోర్నియాలో ఎదుటివాళ్ల నష్టం కోసం చట్టం అడిగే కనీస బీమా 2025 జనవరి నుంచి ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000. అంతకు ముందు ఇందులో సగమే. అక్కడి ఆస్పత్రి బిల్లులు చూసినవాళ్లకు తెలుసు, ఒక్క ఆపరేషన్‌కే అది చాలకపోవచ్చు. మిగతాది మన నెత్తిన పడుతుంది. కారు పోతే నష్టం కారు ఖరీదుతో ఆగుతుంది. మనిషికి దెబ్బ తగిలితే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. అందుకే ఆ కనీసం మీద అదనంగా ఎదుటివాళ్ల నష్టాన్ని భరించే 'సప్లిమెంటల్ లయబిలిటీ' అనే గడిని మాత్రం వదలకండి. సొంత ప్రమాద బీమా, సామాన్ల బీమా అంటారా, మంచి ట్రావెల్ పాలసీ ఉంటే అవి అక్కర్లేదు.

అసలు ఈ టెన్షన్ కౌంటర్ దాకా తెచ్చుకోకూడదు. ఇంటి దగ్గరే బుక్ చేసేటప్పుడు 'నివాస దేశం ఇండియా' అని ఎంచుకోండి. వేవరు, లయబిలిటీ రెండూ కలిపిన ధర చాలా కంపెనీలు చూపిస్తాయి. ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి. ఆ రాత్రి నేను ఆ రెండూ కౌంటర్‌లోనే తీసుకున్నాను. మా అబ్బాయి పేరు మాత్రం రెండో డ్రైవర్‌గా రాయించలేదు. పేరు లేనివాళ్లు నడిపితే ఆ హామీలు చెల్లవు. అందుకే ఆరు రోజులూ, ఎంత నిద్ర వచ్చినా, స్టీరింగ్ వాడికి ఇవ్వలేదు. దారిలో ఆగి, కాఫీ తాగి, మళ్లీ నేనే నడిపాను.