తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

శ్రోతలకు నమస్కారం.

మనిషిని మనిషి బంధించే కథలున్న కొన్ని సినిమాల గురించి ఈ మాటలు. ముందుగా ఒక దృశ్యం చెబుతాను. ఊరికి దూరంగా ఒక పాత ఇల్లు. పలకరించి పోదామని పొరుగున ఉండే పెద్దమనిషి ఒకరు వచ్చారు. మేడ మీద స్నానాలగదిలో ఒక అమ్మాయి ఉంది. చేతులు కట్టేసి ఉన్నాయి, నోరు బిగించి ఉంది. అరిచే దారి లేక ఆమె కాలితో కొళాయి తిప్పింది. తొట్టి నిండింది. నీళ్లు తలుపు కిందనుంచి జారి, మెట్ల మీదుగా దిగివస్తున్నాయి. కింద అతిథితో మాట్లాడుతున్న ఇంటివాడికి ముచ్చెమటలు పోస్తున్నాయి.

ఆ అమ్మాయి బయటపడాలనే మనం కోరుకుంటాం. కానీ మెట్ల మీద నీళ్లు కనబడగానే ఒక్క క్షణం 'అయ్యో, దొరికిపోతాడే' అని నా గుండె జారింది. ఆ తర్వాత సిగ్గేసింది. విలియం వైలర్ 1965లో తీసిన 'ది కలెక్టర్'లోని సన్నివేశం ఇది. అంతవరకూ ఎక్కువసేపు మనం నడిచింది వాడి వెంటే కదా! ఎవరి పక్కన కూర్చుంటే వారి భయమే మనకూ అంటుకుంటుంది.

ఆ కథానాయకుడు సీతాకోకచిలుకలను పట్టి అద్దాల పెట్టెల్లో దాచుకునే గుమస్తా. ఫుట్‌బాల్ పందెంలో డబ్బు కలిసొస్తే ఇల్లు కొని, చిత్రకళ చదువుకునే అమ్మాయిని ఎత్తుకొచ్చి నేలమాళిగలో పెడతాడు. ఆమెకు బట్టలు, పుస్తకాలు, బొమ్మలు గీసుకునే సరంజామా అన్నీ అమరుస్తాడు, తాళంచెవి తప్ప. తనంత మర్యాదస్థుడు లేడనే వాడి నమ్మకం. ఈ సినిమాకు మూలం జాన్ ఫౌల్స్ 1963లో రాసిన నవల. అందులో వాడు చెప్పే కథ సగంలో ఆగి, ఆమె రహస్యంగా రాసుకున్న డైరీ మొదలవుతుంది. అప్పటిదాకా వాడి మాటల్లో బొమ్మలా కనబడిన పిల్ల ఒక్కసారిగా మనిషైపోతుంది. ఆమె కోపం, పొగరు, చదువు, తప్పులు అన్నీ బయటికొస్తాయి. సినిమా ఆ డైరీని వదిలేసింది. సమంతా ఎగ్గర్ ముఖం ఆ లోటును చాలావరకు పూడ్చిందనుకోండి. ఆమెకూ, టెరెన్స్ స్టాంప్‌కూ ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుల పురస్కారాలు దక్కాయి.

ఇప్పుడు పాత్రలను తిరగేద్దాం. 1990లో వచ్చిన 'మిజరీ'లో బందీ ఒక రచయిత, బంధించింది అతని వీరాభిమాని, ఒకప్పటి నర్సు. అతను గది దాటాడని ఆమె ఎలా కనిపెట్టిందో గుర్తుందా? బల్ల మీది పింగాణీ పెంగ్విన్ బొమ్మ ఎప్పుడూ దక్షిణం వైపే చూస్తూ ఉండాలి. అతను దాన్ని పొరపాటున వేరే వైపుకు తిప్పి పెట్టాడు. బందీ ఎంత ఇరుకులో బతుకుతున్నాడో ఆ చిన్న బొమ్మ చెప్పినట్టు పెద్ద గొలుసులు కూడా చెప్పలేవు. ఆ నర్సు పాత్ర చేసిన కేథీ బేట్స్‌కు ఆస్కార్ వచ్చింది.

ఆ సినిమా చూసి 'పాపం, అంత ప్రేమించింది, అతను ఒప్పుకుంటే ఏం పోయింది' అన్నవారు నాకు ఒక్కరూ తగల్లేదు. అదే పని మగవాడు చేస్తే మాత్రం చాలా సినిమాల్లో నేపథ్యంలో వయొలిన్ మోగుతుంది, వాన కురుస్తుంది, చివరికి ఆమె మనసు కరుగుతుంది. చేసిన పని ఒక్కటే, సంగీతం మారిందంతే.

ఆ కరగడానికి కొందరు 'స్టాక్‌హోమ్ సిండ్రోమ్' అని పేరు చెబుతారు, అంటే బంధించినవాడి మీదే బందీకి మమకారం పుట్టడం. స్టాక్‌హోమ్ స్వీడన్ రాజధాని. 1973 ఆగస్టులో అక్కడి బ్యాంకులో నలుగురు ఉద్యోగులు ఆరు రోజులు బందీలయ్యారు. బయటి పోలీసుల తొందరపాటువల్లే తమ ప్రాణం మీదికొస్తుందని భయపడి, వారిలో ఒకామె ప్రధానమంత్రితోనే ఫోనులో వాదించింది. నాకైతే అందులో ప్రేమ కనబడదు, బతకడానికి వేసుకున్న లెక్క కనబడుతుంది. సినిమాకథలు ఆ లెక్కనే యుగళగీతంగా మార్చేశాయి.

2015 నాటి 'రూమ్' సినిమా వేరే దారి పట్టింది. బంధించినవాడి మనసులోకి తొంగిచూడాలన్న సరదాయే దానికి లేదు. తల్లి ఏడేళ్లుగా బందీ, కొడుకు పుట్టిందే ఆ గదిలో. కథ సగానికే వాళ్లు బయటపడతారు. మిగతా సగమంతా బయటి వెలుతురులో ఊపిరాడక పడే అవస్థే. చివర్లో పిల్లవాడి కోరిక మీద ఇద్దరూ మళ్లీ అక్కడికి వెళతారు. వాడు చుట్టూ చూసి, గది చిన్నదైపోయిందా అని ఆశ్చర్యపోతాడు. తలుపు తెరిచి ఉంటే ఇది ఆ గది కాదంటాడు. కుర్చీకి, బీరువాకు, ఒక్కొక్క వస్తువుకూ పేరుపేరునా వీడ్కోలు చెబుతాడు. తల్లి మాత్రం గుమ్మం దగ్గరే, పెదవులు మాత్రం కదిలిస్తూ చెబుతుంది.