అరటి బోదె, గోగునార, వరిగడ్డి: కాగితం దేనితో చేద్దాం? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కలప లేకుండా కాగితం తయారీ, ఇదీ ఈ రోజు మన విషయం. పదిహేనేళ్లుగా చేతికాగితం చేస్తూ, మహిళా సంఘాలకు నేర్పుతున్న మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మేడమ్, కలపకు ప్రత్యామ్నాయం అంటే…

అతిథి: ఆ ప్రత్యామ్నాయం అన్న మాట దగ్గరే నాకు పేచీ అండి. చైనాలో క్రీ.శ. 105లో కాయ్ లున్ అనే రాజోద్యోగి చేసి చూపించిన కాగితంలో ఉన్నది మల్బరీ బెరడు, హెంప్ అనే గంజాయి జాతి మొక్క నార, చింకి గుడ్డలు, పాత చేపల వలలు. కలప గుజ్జు వచ్చింది 1840ల తర్వాతే. మన రూపాయి నోటు ఇప్పటికీ పత్తి కాగితమే. పీచున్న మొక్క ఏదైనా కాగితమవుతుంది. ఏ మొక్క, ఎవరి చేతిలో, ఆ నీళ్లు ఎటు పోతాయి, చూసుకోవాల్సింది అదీ.

వ్యాఖ్యాత: మొదటి కాల్ రావులపాలెం దగ్గర్నుంచి. చెప్పండి.

రావులపాలెం శ్రోత: నమస్కారమండి. రెండెకరాల అరటండి నాది. గెల కొట్టేశాక బోదెలన్నీ గట్టు మీద కుళ్లిపోతున్నాయండి. వాటితో కాగితం చేస్తారంటున్నారు, నిజమేనాండి?

అతిథి: నిజమే బాబాయిగారూ, గట్టి కాగితం అవుతుంది. ఫిలిప్పీన్స్‌లో మన అరటికి చుట్టమయ్యే అబాకా అనే మొక్క ఉంది. దాని నార టీ బ్యాగుల్లోకీ, జపాన్ వాళ్ల నోట్లలోకీ వెళ్తుంది. అయితే బోదెలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. లారీకెత్తి పంపితే మీరు కిరాయి కట్టేది నీళ్లకే. నార తోటలోనే తీసి ఎండబెట్టాలి. అదీ గెల కొట్టగానే తీయాలి, రోజులు గడిస్తే రంగు మారిపోతుంది. ఆ రసం బట్టలకు పడితే మరక వదలదు, పాత చొక్కా వేసుకోండి.

రావులపాలెం శ్రోత: మరి కొనేదెవరండి?

అతిథి: తీసే ముందే కనుక్కోవాల్సింది అదేనండి. పొడవాటి మంచి నారను బుట్టలు, చాపలు అల్లేవాళ్లకు చూపించండి. కాగితానికి తెగిన నార చాలు, మేం ఎలాగూ ముక్కలే చేస్తాం. నార తీయగా మిగిలిన తుక్కు తోటలోనే వేసేయండి, అందులో పొటాషియం బాగా ఉంటుంది.

వ్యాఖ్యాత: మిర్యాలగూడ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు.

మిర్యాలగూడ శ్రోత: మేడమ్, మా దిక్కు వరి కోసినంక గడ్డి కాలవెడుతున్నరు, పొగకు ఊపిరాడ్తలేదు. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగున్న. గడ్డితోని పేపర్ మిల్లు పెట్టొచ్చా?

అతిథి: మిల్లు వద్దు తమ్ముడూ. ఎందుకో చెప్తా. వరిగడ్డి పీచు పొట్టిది, మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. పైగా గడ్డిలో సిలికా ఎక్కువ, ఇసుకలో ఉండేదే. పెద్ద మిల్లుల్లో పీచును సోడాతో ఉడికించాక మిగిలే నల్లటి ద్రావణాన్ని చిక్కబరిచి, మండించి, అందులోని సోడాను వెనక్కి తెచ్చుకుంటారు. గడ్డి వాడితే ఆ సిలికా గొట్టాల లోపల రాయిలా పేరుకుంటుంది. సోడా వెనక్కి తెచ్చుకోలేని చిన్న మిల్లు ఆ నల్లనీళ్లను ఏం చేస్తుంది? వాగులోకి వదులుతుంది. పొగ ఆపబోయి నీళ్లు పాడుచేసినట్టవుతుంది.

మిర్యాలగూడ శ్రోత: మరి చెరుకు పిప్పితోని చేస్తున్నరు కద?

అతిథి: మంచి మాట అడిగావు. తమిళనాడులో కరూర్ దగ్గర 1979లో అక్కడి ప్రభుత్వం మొదలుపెట్టిన సంస్థ పిప్పితోనే పెద్దదయింది. చక్కెర మిల్లులు పిప్పిని బాయిలర్లో తగలేసుకుంటాయి కదా, వాటికి బదులుగా వేరే ఇంధనం ఏర్పాటు చేసి పిప్పి తీసుకున్నారు. పిప్పి ఒక్కచోట కుప్పగా దొరుకుతుంది. గడ్డి వెయ్యి పొలాల్లో చెదిరి ఉంటుంది. నువ్వు ముందు గడ్డిని మోపులు కట్టించి పశువుల మేతకు, పుట్టగొడుగుల పెంపకానికి ఇచ్చే పని చూడు. కాగితం మీద మనసుంటే గడ్డి గుజ్జులో పాత నూలుగుడ్డల గుజ్జు కలిపి అట్టలు చేసి చూడు, నేర్పుతాను.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక ఉపాధ్యాయుడు.

ఖమ్మం శ్రోత: మేడమ్, పిల్లలకు చూపిద్దామని అరటి నార, బట్టల సోడా వేసి వంటగది డేగిసాలో ఉడికించాను. బుసబుసా పొంగి, గిన్నె నల్లగా అయిపోయింది. భయమేసి ఆపేశాను.

అతిథి: ఆపి మంచి పని చేశారు. అది అల్యూమినియం గిన్నె కదూ? సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, అప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఈసారి స్టీలు గిన్నె పెట్టండి, కిటికీలు తీసి, మీరే ఉడికించండి, పిల్లలు దూరంగా ఉండాలి. కాస్టిక్ సోడా జోలికి మాత్రం బడిలో వెళ్లొద్దు. ఎండిన నారను అరంగుళం ముక్కలు చేయండి, పొడుగ్గా ఉంటే మిక్సీ బ్లేడుకు చుట్టుకుని మోటారు కాలిపోతుంది. కిలో నారకు 200 గ్రాముల బట్టల సోడా, మునిగేటన్ని నీళ్లు, మూడు నాలుగు గంటలు. ఒక పోగు తీసి వేళ్లతో లాగితే మెత్తగా విడిపోవాలి, అదీ గుర్తు. తర్వాత జారుడు పోయేదాకా కడిగి, నీళ్లు పోసి మిక్సీలో గుజ్జు చేయాలి. గుజ్జయ్యాక పిల్లల పని మొదలు: పాత నోటుబుక్కుల కాగితం నానబెట్టి కలపడం, చెక్క చట్రానికి దోమతెర జాలీ బిగించి తొట్టిలోంచి ఎత్తడం, పాత దుప్పటి మీద బోర్లించడం.

ఖమ్మం శ్రోత: దాని మీద సిరా నిలుస్తుందా?

అతిథి: ఊరికే ఉంటే పాకిపోతుంది మాస్టారూ. పల్చటి గంజి పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దండి. మన దేశంలో పాత కాగితపు పనివాళ్లూ అలాగే చేసేవారు.

వ్యాఖ్యాత: చివరి కాల్, రాజాం దగ్గర ఒక పల్లె నుంచి.

రాజాం శ్రోత: అమ్మా, మా డ్వాక్రా సంఘంలో పదిమందిమి. ఇక్కడ గోగు వేస్తాం. గోగునారతో కాగితం సంచులు చేద్దామని ఉన్నాది. ఒక కంపెనీ వాళ్లొచ్చి, మా యంత్రం కొనండి, మీరు చేసిన కాగితమంతా మేమే కొంటాం అంటన్నారు. రెండు లక్షలు ముందు కట్టాలట. ఏటి చేయమంటారు?

అతిథి: మీ చేతిలో ఉన్నది చాలా మంచి పీచమ్మా. అమెరికా వ్యవసాయ శాఖ కాగితం కోసం ఐదొందల రకాల మొక్కలు పరీక్షిస్తే గోగు ముందు వరసలో నిలిచింది. నాలుగైదు నెలల్లో కోతకొస్తుంది. పైనార పీచు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, గట్టి సంచికి సరిపోతుంది. నార జనపనార మిల్లుకు అమ్మేశాక తెగిపోయిన తుక్కు మిగులుతుంది చూశారా, దాంతో మొదలుపెట్టండి.

ఆ డబ్బు మాత్రం ఇప్పుడే కట్టొద్దు. నిజంగా కాగితం కావాల్సినవాళ్లు ముందు మీ కాగితం చూడాలనుకుంటారు, యంత్రం అమ్మాలనుకోరు. తిరిగి కొంటామన్న మాట కాగితం మీద రాసిమ్మనండి: ఎన్ని కిలోలు, ఏ ధర, ఎన్నాళ్లలో డబ్బు. వాళ్ల యంత్రం నడుస్తున్న ఇంకో సంఘానికి మీరే వెళ్లి మాట్లాడండి. రాజస్థాన్‌లో జైపూర్ దగ్గర సాంగనేర్‌లో కుమారప్ప పేరున జాతీయ చేతికాగిత సంస్థ ఉంది, శిక్షణ ఇస్తారు. ఖాదీ కమిషన్ వాళ్లనడిగితే దారి చెబుతారు.

రాజాం శ్రోత: నీళ్లో అమ్మా? మా ఇళ్ల వెనకే చెరువు.

అతిథి: ఆ మాట అడిగారు, సంతోషం. మొదటి ఏడాది నేను ఉడికించిన నీళ్లు పెరట్లో పోశాను. మా అత్తగారు పెట్టిన కొబ్బరి మొక్క నిలువునా ఎండిపోయింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అప్పట్నుంచి ఉడికించిన నీళ్లను వడగట్టి, కొంచెం సోడా చేర్చి, తర్వాతి నారకు మళ్లీ వాడతాను. ఇక పనికిరావు అన్నప్పుడు పుల్లటి వెనిగర్‌తో సోడా ఘాటు విరిచి, లిట్మస్ కాగితంతో చూసి, ఇసుక పోసిన గుంటలోకి వదులుతాను. మీరు పెద్దగా చేస్తే కాలుష్య నియంత్రణ మండలిని ముందే అడగాలి. చెరువులోకి మాత్రం ఒక్క బిందె కూడా వద్దు తల్లీ.

రాజాం శ్రోత: చెరువులోకి పొయ్యనివ్వం అమ్మా. రేపు సంఘం మీటింగుంది. ఆ రెండు లక్షల చెక్కు మీద సంతకం పెట్టొద్దని మా లీడరుతో చెప్తాను.