స్కేలు కబుర్లు: లోటస్ 49బి ఇంజిన్‌కి ప్లగ్ వైర్లు (అనుకున్నది మాత్రం అదే)

శ్రీను: మొదలైందా? సరే. అందరికీ నమస్కారం. మోడల్ సామాను ఫ్రిజ్‌లో పెట్టి ఇంట్లో గొడవ తెచ్చుకున్నానని పోయినసారి చెప్పాను కదా, దాని గురించి అడుగుతూ మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ ఒకటే జవాబు. ఫ్రిజ్ బాగానే ఉంది, మా ఆవిడ మాట్లాడుతోంది.

వంశీ: మొన్న నేనొచ్చినప్పుడైతే మాట్లాడలేదు.

శ్రీను: నువ్వాగరా. ఈవారం టాపిక్ పోయినసారే చెప్పాం. టామియా కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్, అసలులో పన్నెండో వంతు సైజు (1/12) లోటస్ 49బి రేసు కారు, దాని ఇంజిన్‌కి ప్లగ్ వైర్లు, పెట్రోల్ గొట్టాలు. ఇంజిన్ ఏంటంటే ఫోర్డ్ కాస్వర్త్ డీఎఫ్‌వీ, మూడు లీటర్ల వీ8.

వంశీ: 2,993 సీసీ.

శ్రీను: వచ్చాడండీ ఆర్టీవో. వైరు సంగతి చూద్దాం. అసలు కారులో ప్లగ్ వైరు సుమారు 7 మిల్లీమీటర్ల లావుంటుంది. పన్నెండుతో భాగిస్తే 0.6 దగ్గరికొస్తుంది. దీనికోసం జపాన్ నుంచి తెప్పించుకోనక్కర్లేదు. మోటార్లకి వైండింగ్ చేసే షాపుకెళ్లి 23 గేజ్ రాగితీగ అడగండి, 0.61 ఉంటుంది. తూకానికి ఇస్తారు. ముందు వంపులన్నీ తిప్పేసుకుని, ఆ తర్వాత నల్లరంగు కొట్టండి. కొట్టాక వంచితే పెచ్చులూడుతుంది.

వంశీ: చిల్లు 0.7 బిట్టుతో, చేత్తో తిప్పుతూ పెట్టాలి. మోటారు డ్రిల్లు పెడితే ప్లాస్టిక్ కరిగి బిట్టుకి చుట్టుకుంటుంది. పెట్రోల్ గొట్టాలకి సోల్డర్ వైరు వాడండి, ఎలా వంచితే అలా ఉంటుంది. ఇంతే టాపిక్. ఇప్పుడు అసలు సంగతి. అన్నా, గ్రూపులో నువ్వు పెట్టిన ఎగ్జాస్ట్ పైపుల ఫోటో చూశాను, పొగ గొట్టాలకి నువ్వేసిన రంగు.

శ్రీను: ఎలా ఉంది?

వంశీ: నెమలిలా ఉంది.

శ్రీను: పొగిడావా, తిట్టావా?

వంశీ: ఆ నీలమేంటి, ఆ ఊదా ఏంటి అన్నా! క్లియర్ బ్లూ సీసా మొత్తం ఒంపేశావా?

శ్రీను: వేడికి ఉక్కు రంగు మారదా? 220 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, 280 దగ్గర ఊదా, 300కి నీలం. కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్న ఎవరినైనా అడుగు.

వంశీ: కమ్మరి ఉలిని సానపట్టి, కావాల్సిన రంగు రాగానే తీసి నీళ్లలో ముంచుతాడు. ఇక్కడ ముంచేదెవరు? రేసు మొత్తం ఆ పైపు అంతకంటే ఎంతో ఎక్కువ వేడిలో ఉంటుంది. మైల్డ్ స్టీలు పైపయితే ఆ రంగులన్నీ దాటిపోయి బూడిదరంగు పొర కడుతుంది. చల్లారి నాలుగు రోజులుంటే తుప్పు. నీలం ఎక్కడైనా మిగిలిందంటే వేడి తగ్గిన చోట, సన్నటి పట్టీ అంతే.

శ్రీను: మ్యూజియం కార్ల మీద నా కళ్లతో చూశా, ఫోటోల్లో.

వంశీ: ఆ పైపులు ఎప్పుడు మార్చారో చూశావా? రెండు రౌండ్లు తిప్పి షెడ్డులో పెట్టే కారుకి నీలం నిలుస్తుంది. పోనీ నీలమే వేశావనుకుందాం. ఇంజిన్ హెడ్డు దగ్గర గడ్డిరంగు, చివర్న నీలం వేశావు. అంటే పొగ బయటికి పోయేకొద్దీ వేడెక్కుతోందా?

శ్రీను: అలా వేశానా?

వంశీ: ఫోటో పెద్దది చేసి చూడు.

శ్రీను: సర్లే. గాలి పీల్చే ఇన్‌టేక్ గొట్టాల చుట్టూ దుమ్ము చూశావా, అది చెప్పు. అది ఏ ఊరి దుమ్మో కనుక్కో.

వంశీ: వచ్చేసింది, ప్రతిసారీ వచ్చే ఆ ఊరి దుమ్ము మాట! ఎన్నోసారో లెక్క రాసుకునేవాళ్లు రాసుకోండి.

శ్రీను: నవ్వు, నవ్వు. డబ్బా మీద మట్టి అని రాసుంటే చాలు, తెచ్చి చల్లేస్తారు జనం. పాలమూరు చల్క మట్టీ, కర్నూలు నల్లరేగడీ ఒకటేనా? దుమ్ముకి ఊరుండాలి. నాది జాండ్‌వోర్ట్ దుమ్ము. నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బల మధ్య ట్రాక్. డీఎఫ్‌వీ మొదటి రేసు అక్కడే, 1967 జూన్ 4. లోటస్ డ్రైవర్ జిమ్ క్లార్క్ ఎనిమిదో స్థానంలో మొదలుపెట్టి గెలిచేశాడు. అందుకే లేత ఇసుక రంగు వాడాను.

వంశీ: బాగుంది. మరి నీ కిట్ ఏది?

శ్రీను: లోటస్ 49... బి.

వంశీ: 49 తర్వాత వచ్చిన 49బి మొదట దిగింది మొనాకోలో, 1968 మే నెలలో. ఊరి మధ్య తారు రోడ్డు. ఇసుక ఎక్కడిది? పైగా క్లార్క్ అప్పటికి బతికి లేడు.

శ్రీను: ఏప్రిల్ 7. జర్మనీలో హాకెన్‌హైమ్ ట్రాక్.

వంశీ: అది ఫార్ములా వన్‌కి కింది మెట్టు, ఫార్ములా టూ రేసు కదా.

శ్రీను: ఊఁ. నెల తిరక్కుండానే... కాదు, నెలా అయిదు రోజులకి లోటస్ రెండో డ్రైవర్ గ్రహమ్ హిల్ స్పెయిన్‌లో గెలిచాడు. ఆ తర్వాత రేసు మొనాకో, అదీ ఆయనే. నేను ఆలోచించేది మెకానిక్‌ల గురించి రా. మనిషి పోయాడు. వాళ్లు మళ్లీ అదే గ్యారేజీకి వచ్చి, అవే స్పానర్లు పట్టుకుని, ఇంజిన్ తుడిచి బిగించి పంపారు.

వంశీ: ...

శ్రీను: ఏంటి?

వంశీ: ఇప్పుడీ మాట అంటే కొడతావు.

శ్రీను: అను.

వంశీ: తుడిచి అన్నావు చూడు, నేను మొత్తుకునేదీ అదే. ఆ కారుకి ఇంజిన్ వెనక చాసిస్ అంటూ లేదు. డ్రైవర్ వీపు వెనక గోడకి ఇంజిన్‌ని బోల్టులతో బిగించారు, వెనక సస్పెన్షన్ బరువంతా ఇంజిన్, గేర్‌బాక్స్ మోస్తాయి. అలాంటి దానికి పగులొస్తే కనపడాలి, లీకైతే కనపడాలి. అందుకని మురికిగా ఉంచరు. దాన్ని పాతబరచడమంటే దుమ్ము చల్లడం కాదు. విప్పి బిగించిన బోల్టు తలల మీద రంగు పోవాలి, దానికి 2బి పెన్సిల్ రుద్దితే చాలు. పెట్రోల్ గొట్టాలు కలిసే యూనియన్ల కింద ఓ పల్చటి మరక. అంతే.

శ్రీను: అంత శుభ్రంగా ఉంటే ఇంక ఈ పాతబరిచే వెదరింగ్ ఎందుకు? షోరూమ్‌లో పెట్టుకో. 49బి 1968లో జాండ్‌వోర్ట్‌కీ వెళ్లింది, తెలుసా? ఆరోజు వాన. జాకీ స్టీవర్ట్ మాత్రా అనే కంపెనీ కారులో గెలిచాడు, దాని ఇంజినూ డీఎఫ్‌వీయే. కాబట్టి నా ఇసుక తడి ఇసుక అవుతుంది, అంతేగానీ తీసేది లేదు.

వంశీ: తడి ఇసుక ముదురు రంగులో ఉండాలి మరి.

శ్రీను: వెయ్యడానికి ఎంతసేపు!

వంశీ: నీకు కావాల్సింది రేసు ఇంజిన్ కాదన్నా, అంబాసిడర్ ఇంజిన్.

శ్రీను: కావాలి. తప్పేంటి? నేను చిన్నప్పుడు చూసిన ఇంజిన్ అదొక్కటే. నాన్న టాక్సీ బానెట్ ఎత్తితే టార్చి పట్టుకునే డ్యూటీ నాదే. 1,489 సీసీ, బ్రిటిష్ వాళ్ల బీ సిరీస్. ఎప్పుడూ వెనక నుంచి ఆయిల్ కారేది. మెకానిక్‌ని నాన్న తిట్టని తిట్టు లేదు. పాపం అతనేం చేస్తాడు? ఆ ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంక్, దాని వెనక రబ్బరు సీలు ఉండదు. మర చుట్టులాగా గాడి చెక్కి ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. ఆగితే తోసేదేముంది?

వంశీ: కారుతుంది. ఓహో, అందుకా!

శ్రీను: అందుకే. పార్క్ చేసిన చోట నేల మీద మరక.

వంశీ: ఇది బాగుంది, ఇది చెయ్యాలి అన్నా. బర్న్ట్ అంబర్, నలుపు ఆయిల్ పెయింట్లు కలిపి టర్పెంటైన్‌లో పల్చగా చేసి, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచి కిందికి దింపాలి. తడిగా ఉండగానే పలచటి గుడ్డలో వేసి మట్టి జల్లించాలి. ఆయిల్ ఉన్నచోటే దుమ్ము పడుతుంది, మిగతాది ఊదితే పోతుంది. చుక్క సైజు మాత్రం చూసుకోవాలి. 1/12లో 1 మిల్లీమీటరు చుక్క అంటే అసలు ఇంజిన్ మీద 12 మిల్లీమీటర్లు.

శ్రీను: ఆ అంబాసిడర్ ఇంజిన్‌ని 1/8లో కడతా. ప్లాస్టిక్ షీటు కోసి, మొత్తం నేనే.

వంశీ: మరి అది ఏ ఊరి దుమ్ము?

శ్రీను: కొత్తగూడెం. ఎర్రమట్టిలో బొగ్గుపొడి. ఎర్రగానూ ఉండదు, నల్లగానూ ఉండదు. ఏ కంపెనీ డబ్బాలోనూ ఆ రంగు దొరకదు. పోయినసారి ఊరెళ్లినప్పుడు సీసాలో పట్టుకొచ్చా.

వంశీ: ఆ సీసా ఎక్కడ పెట్టావు?

శ్రీను: ...

వంశీ: ఫ్రిజ్‌లోనా!

శ్రీను: ఫ్రిజ్ మీద. మీద పెట్టా. నువ్వు ముందు నా ఎగ్జాస్ట్ గురించి అన్నదానికి సాక్ష్యం చూపించు.

వంశీ: అప్పటి ఫోటో ఉంది, మొనాకో పిట్స్‌లో తీసింది. ఒక్క చుక్క నీలం లేదు.

శ్రీను: నలుపు తెలుపు ఫోటో అయ్యుంటుంది.

వంశీ: రంగుల్లోనే అన్నా.

శ్రీను: ఏదీ?

వంశీ: ఫోన్‌లో ఉంది, అయ్యాక చూపిస్తా.

శ్రీను: అయ్యాక లేదు, గియ్యాక లేదు. ఇటివ్వు.

వంశీ: అన్నా, రికార్డింగ్ దాంట్లోనే అవు—