నీళ్లు కాదు, ఒడ్డు చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పిట్టల్ని చూడ్డానికి మనతో వస్తామని పేర్లిచ్చినవాళ్లలో సగం మంది నన్ను ఒకటే అడిగారు: "గండిపేట నిండిందా సార్?" నిండితే మీకు సంతోషం, నాకు టెన్షన్. కట్ట దాకా నీళ్లుంటే ఫొటో బాగుంటుంది గానీ పిట్టలకి కాలు పెట్టే చోటుండదు.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహా మీద కట్టినవి హైదరాబాద్ పక్కనున్న ఈ జంట జలాశయాలు. గండిపేట 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదకి అడ్డం, ఊరికి మంచినీళ్లు, అప్పటి లెక్క అంతే. పిట్టల ఊసే లేదు. అయితే కట్టకి దూరంగా, పైకి పోయేకొద్దీ నేల పళ్లెంలా ఉంటుంది. వానలకి చేరిన నీరు చలికాలంలో అడుగు తగ్గినా చాలు, ఎకరాలకెకరాలు బురద బయటపడుతుంది. అందులో పురుగులు, నత్తలు, లేత గడ్డి. సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ వచ్చే చుట్టాలకి ఇక్కడ వేసే విస్తరి అదే.

ఆ బురదలో ఉల్లంకి పిట్టల్ని చూడండి. అన్నీ ఒకే బంతిలో ఉన్నా, పొట్టి ముక్కుది పైపైన ఏరుకుంటుంది, పొడుగు ముక్కుది లోపలికి గుచ్చి తీస్తుంది. ఇంకాస్త లోతులో చెంచామూతి బాతు. ముక్కు చివర గరిటెలా వెడల్పు, అంచుల్లో దువ్వెన పళ్లలాంటివి. నీళ్లు లోపలికి తీసుకుని, జల్లెడ పట్టినట్టు పక్కల నుంచి వదిలేస్తుంది. పోయినేడు జనవరిలో ఓ ఇరవై దాకా ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతుంటే తిరగలి తిరిగినట్టే ఉంది. ముందున్నది కాళ్లతో నీళ్లు కలిపితే పైకి తేలినదాన్ని వెనకది తింటోంది. ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలోనే, 1987 నుంచీ జరుగుతోంది. దానికోసమని ఆ బాతుల్ని లెక్కపెట్టబోయి మూడుసార్లు తప్పాను.

కావ్యాల్లో జక్కవల గురించి చదివే ఉంటారు. రాత్రయితే జంట విడిపోయి ఏడుస్తాయని మన కవులు తెగ రాశారు. నారింజ రంగు ఒళ్లు, లేత రంగు తల. లడఖ్, టిబెట్ వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి ఇటు దిగుతాయి. సింగూరు, మంజీర వైపు వెళ్తే అదృష్టం బాగుంటే కనిపిస్తాయి. రాత్రి విరహం సంగతేమో గానీ, మధ్యాహ్నం మాత్రం జంటగా ఒడ్డున కూర్చుని హాయిగా కునుకు తీస్తాయి.

తల మీద రెండు నల్ల పట్టీలున్న బార్ హెడెడ్ గూస్ కూడా అంతే. హిమాలయాలు దాటేటప్పుడు 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు పరికరాలు అమర్చి తేల్చారు. అలాంటి పక్షి ఇక్కడ పగలంతా ఒడ్డున ఊరికే కూర్చుంటే బద్ధకం అనుకోకండి. దానికి మేత ఎక్కువగా చీకటి పడ్డాకే, పొలాల్లో. పగలు దాని నిద్ర టైము. రెండేళ్ల కిందట ప్రీ వెడ్డింగ్ షూట్‌కి వచ్చినవాళ్లు డ్రోన్ ఎగరేశారు. మంద మొత్తం ఒక్కసారిగా లేచింది. "అంకుల్, ఎంత బాగా ఎగిరాయో!" అని ఆ పిల్ల మురిసిపోయింది. తనని ఏమనగలను? ఆ పూట అవి మళ్లీ దిగలేదు.

ఆదివారం ఆరింటికల్లా కట్ట దగ్గర కలుద్దాం, కానీ అక్కడ ఆగం. అక్కడ లోతెక్కువ, జనమూ ఎక్కువ. వెనక పల్లెల వైపు పోదాం. తెల్లచొక్కాలు వద్దు. ఎండ వీపు మీద పడేలా నిలబడండి, లేకపోతే ప్రతి బాతూ నల్లగానే కనిపిస్తుంది. బైనాక్యులర్ లేనివాళ్లు కొనక్కర్లేదు, నా దగ్గర రెండున్నాయి. కార్లు రోడ్డు మీదే ఆపండి. ఆ బురద పైకి గట్టిగానే కనిపిస్తుంది. నా ఎడమకాలి చెప్పు ఇంకా అందులోనే ఉంది.