చెవితో ఎక్కే మంచు

శ్రోతలకు నమస్కారం.

జలపాతం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది హోరు. కుంతాల దగ్గరైనా, తలకోనలోనైనా పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచక తప్పదు. చలి ముదిరి ఆ నీరు కొండను పట్టుకుని గడ్డకట్టిపోయే దేశాల్లో, చలికాలమంతా ఆ హోరు అణగిపోతుంది. అలా నిలిచిన మంచును చేతుల్లో ఐస్ యాక్సులు అనే మొనదేరిన మంచు గొడ్డళ్లు పట్టుకుని, బూట్లకు ఇనుప ముళ్లున్న క్రాంపాన్లు బిగించుకుని ఎక్కేవాళ్లున్నారు. నేనూ, నా స్నేహితులూ వాళ్లలో ఉన్నాం. ఈ ఆటకు ముందు కండబలం కావాలని చాలామంది అనుకుంటారు. అంతకన్నా ముందు మంచి చెవి కావాలని నా నమ్మకం. ఈ పూట ఆ సంగతే మీతో పంచుకుంటాను.

అమెరికాలో కొలరాడో రాష్ట్రపు నైరుతి మూల, శాన్ వాన్ పర్వతాల నడుమ యూరే అనే ఊరుంది. మేము డెన్వర్ నుంచి వెళ్తాం. కారులో దాదాపు 6 గంటల దారి. ఊరు సుమారు 2,375 మీటర్ల ఎత్తున ఉంటుంది, జనాభా వెయ్యికి అటూ ఇటూ. యూట్ తెగ నాయకుడి పేరు పెట్టుకున్న ఈ ఊరు ఒకప్పుడు గనుల మీద బతికింది. పక్కనే అన్‌కంపాగ్రే నది కోసుకుంటూ పోయిన ఇరుకు లోయ. ఆ లోయ అంచున జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు తీసుకెళ్లే గొట్టం కారిన చోటల్లా చలికాలంలో మంచు గోడలు లేచేవి. వాటిని చూసి, 1990లలో స్థానికులు కావాలనే నీళ్లు వదలడం మొదలుపెట్టారు. అంచు పొడవునా గొట్టాలు వేసి, జల్లు పడేలా మూతులు బిగించారు. ఇప్పుడక్కడ 150కి పైగా ఎక్కే దారులున్నాయి, ప్రవేశం ఉచితం. చలిరాత్రుల్లో కవాటాలు తిప్పుతూ ఏ గోడకు ఎంత నీరు పెట్టాలో చూసుకునే సిబ్బందిని మంచు రైతులు అంటారు. మడికి నీరు పెట్టడం చూస్తూ పెరిగిన నాకు ఆ పేరు ఎంతో సబబుగా తోచింది. నీరు చాలని ఏడాది, చలి ఆలస్యమైన ఏడాది వాళ్ల పంటా తగ్గుతుంది.

నీరు ఒక్కసారిగా గడ్డకట్టదు. ముందు ఎగువన ఊటలు బిగుసుకుని ధార సన్నబడుతుంది. తుంపర రాతి మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. పైనుంచి మంచు మర్రి ఊడల్లా దిగుతుంది, కింద తుంపర పడ్డ చోట దిమ్మె లేస్తుంది. రెండూ కలిస్తే స్తంభం. పైకి ఎంత గట్టిగా కనిపించినా చాలా చోట్ల వెనుక నీరు పారుతూనే ఉంటుంది. నీలిగా ఉన్న మంచులో గాలి తక్కువ, అది గట్టిది. తెల్లగా ఉన్నదాంట్లో గాలి బుడగలు ఎక్కువ. సున్నాకు కాస్త దిగువన మంచు మెత్తగా ఉండి యాక్స్ మొనను ఇట్టే పట్టుకుంటుంది. మైనస్ 20 డిగ్రీలకు దిగిందంటే పెళుసుబారి, జానెడు వెడల్పు పెచ్చులు లేచి మీద పడతాయి.

కళ్లు చెప్పగలిగింది ఇంతే. మా బృందంలో అందరికన్నా పెద్దాయన, ఖమ్మం మనిషి, మేమంతా అన్నయ్య అని పిలుస్తాం. కొత్తవాళ్లను ఆయన వెంటనే పైకి ఎక్కనివ్వరు. ఈసారి అనంతపురం నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి మాతో ఉంది. గోడ అడుగున నిలబెట్టి, "ఇక్కడ ఒక దెబ్బ కొట్టి ఏం వినబడిందో చెప్పమ్మా" అన్నారు. ఆమె ఉబ్బెత్తుగా ఉన్న చోట కొట్టింది. "ఖంగుమంది అన్నయ్యా." "అయితే దాన్ని నమ్మకు. పక్కన గుంట ఉంది చూడు, అందులో కొట్టు." ఈసారి 'థక్' అని పొట్టిగా, బరువుగా ఒకే శబ్దం. మొన దిగిపోయింది, పిడి వణకలేదు. ఉబ్బు మీద కొడితే మంచు పగుళ్లు బయటికి పారి పెచ్చు ఊడుతుంది. గుంటలో కొడితే చుట్టూ ఉన్న మంచు మొనను బిగించి పట్టుకుంటుంది. ఆ తేడా ముందుగా వినబడుతుంది. ఆ అమ్మాయి మధ్యాహ్నానికల్లా దెబ్బ దెబ్బకూ ఆగి వినడం, నచ్చకపోతే లాగేసి వేరే చోట కొట్టడం చూసి నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

పైన కట్టిన తాడు ఉన్నంతసేపు భయం లేదు, జారినా వేలాడతాం. ముందుగా ఎక్కి తాడు తీసుకెళ్లేవారి సంగతి వేరు. వాళ్లు పడితే ఆపేలా, తాడు తగిలించుకునే ఐస్ స్క్రూలు దారిలో మంచులోకి బిగిస్తూ పోవాలి. ఇవి 10 నుంచి 22 సెంటీమీటర్ల పొడవున్న బోలు గొట్టాలు. ఒక చేత్తో యాక్స్ మీద వేలాడుతూ రెండో చేత్తో తిప్పుతుంటే, గొట్టంలోంచి మంచు కడ్డీ బయటికి జారుతుంది. తెగకుండా నిండుగా వస్తే లోపల మంచు బాగుందని. తిప్పుతుండగా పట్టు వదులై, గొట్టంలోంచి నీళ్లు కారితే లోపల డొల్ల అని. పడితే స్క్రూ ఆపినా, క్రాంపాన్ ముళ్లు మంచులో చిక్కుకుని చీలమండ విరగవచ్చు. అందుకే ఇక్కడ ముందువాళ్లు పడకూడదన్నది మొదటి సూత్రం.

కింద తాడు పట్టుకున్నవారి గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. గడ్డకట్టే చలిలో పెచ్చులు పడని చోటు చూసుకుని, చాలాసేపు కదలకుండా నిలబడాలి. లోయ మలుపులో పైవాళ్లు కనబడరు కాబట్టి, తాడు పట్టినవాళ్లూ దెబ్బల చప్పుడును బట్టే పైన ఏం జరుగుతోందో పోల్చుకుంటారు. నా తాడు పట్టి నిలబడ్డ స్నేహితుల మీద నాకున్న ప్రేమ ఇంతా అంతా కాదు.

కిందికి దిగాక ఒక బాధ ఉంది. తలకన్నా ఎత్తున పట్టుకుని మొద్దుబారిన చేతుల్లోకి నెత్తురు తిరిగి వస్తుంటే కళ్లనీళ్లు ఆగవు. చేతులు చంకల్లో పెట్టుకుని ఓర్చుకోవాలి, కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది.

యూరే నుంచి కొండకు అవతల టెల్యురైడ్ దగ్గర బ్రైడల్ వెయిల్ జలపాతం ఉంది. 1974లో అమెరికన్ పర్వతారోహకులు జెఫ్ లోవ్, మైక్ వైస్ గడ్డకట్టిన ఆ జలపాతాన్ని మొదటిసారి ఎక్కారు. ఇప్పటితో పోలిస్తే నాటి పనిముట్లు మొరటువి. వాటితో అంత నిలువు మంచు ఎక్కడం నాకు ఇప్పటికీ నమ్మశక్యంగా అనిపించదు. యూరేలో ఏటా జనవరిలో జరిగే మంచు పండుగను 1996లో మొదలుపెట్టిందీ ఆ లోవే.

మన యువతకు ఇది అందని ఆట ఏమీ కాదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ భువనగిరి రాతి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీ పర్వతారోహణ సంస్థల ప్రాథమిక శిక్షణలో మంచు మీద నడక, యాక్స్ వాడకం నేర్పుతారు. లద్దాఖ్‌లో, స్పితి లోయలో చలికాలం గడ్డకట్టే జలపాతాలున్నాయి. యూరే వెళ్లదలచుకున్నవారు డిసెంబరు చివరి నుంచి మార్చి మధ్య వరకు చూసుకోండి. మొదటిసారైతే గైడ్‌ను ముందే మాట్లాడుకోండి. బూట్లు, క్రాంపాన్లు, యాక్సులు అద్దెకు దొరుకుతాయి. చేతి తొడుగులు మాత్రం రెండు మూడు జతలు మీరే తీసుకెళ్లండి, తడిసినవి ఆ చలిలో ఆరవు. సెలవు.