ఎటూ నేనే అంటారు గదన్నా

అందరికీ నమస్కారం. మైకు ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను: దొంగ అని ఒకసారి పేరు పడ్డాక మనిషి ఏమవుతాడన్నది.

మన చెన్నై సెంట్రల్‌లో విజయవాడ రైలెక్కితే చీరాల దాటాక స్టువర్టుపురం అని చిన్న స్టేషన్ వస్తుంది. ఆ పేరు వినగానే మనవాళ్లు ఇప్పటికీ బ్యాగు ఒళ్లోకి లాక్కుంటారు. అది దొంగలు కట్టుకున్న ఊరు కాదండీ. కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా లెక్కగట్టిన 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్‌వాళ్లు 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి, ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకి అప్పజెప్పారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఊరూరా తిరిగి ఉప్పు, ధాన్యం అమ్ముకుని బతికినవాళ్లకి తిరగడమే నేరమైతే ఇంక తినేదేంటి? 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు.

దాదాపు అదే సమయంలో, 1951లో, ఎడ్విన్ లెమెర్ట్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ ఒక మాట చెప్పాడు: మొదటి తప్పు సరదాకో, ఆకలికో, ఎందుకైనా జరగొచ్చు, కానీ లోకం దొంగ అని పేరు పెట్టాక ఆ పేరుకి తగ్గట్టు చేసేవి వేరే లెక్క.

ఇక్కడే చెన్నై వ్యాసర్‌పాడిలో మన తెలుగు కుర్రాడే, పదహారేళ్లు, సెల్‌ఫోన్ కొట్టేశాడు. తప్పే, కాదనను. ఫోన్ తిరిగిచ్చేశారు. కానీ మర్నాటి నుంచీ మెకానిక్ షెడ్డు ఓనరు సాయంత్రం స్పానర్లు లెక్కపెట్టి, వాడి జేబులు తడిమి గానీ పంపేవాడు కాదు, కొన్నాళ్లకి రావద్దులే అనేశాడు. వీధిలో ఏ బండి పోయినా స్టేషనుకి వాడినే. స్నేహితుల్ని వాళ్లమ్మలు ఆపేశారు. టీకొట్టు దగ్గర పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నది పాత కేసులున్నవాళ్లే. రెండోసారి నిజంగానే బండి ఎత్తాడు. ఎందుకురా అంటే, "ఎటూ నేనే అంటారు గదన్నా" అన్నాడు.

పేరుపడ్డవాళ్లందరూ చెడిపోతారని కాదు. స్టువర్టుపురం నుంచి చదువుకుని పైకొచ్చినవాళ్లూ ఉన్నారు, అయితే మనకంటే రెట్టింపు కష్టపడి.

2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చూడండి. కేసులో ఉన్న పిల్లల పేరు, బడి, ఫొటో మీడియాలో వేయకూడదు. కేసు ముగిశాక పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా ఆ రికార్డు బయటపెట్టకూడదు. మరి మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో సీసీటీవీ ఫొటోకి ఎర్ర గీత చుట్టి "ఈ కుర్రాడితో జాగ్రత్త" అని తిప్పుతున్నామే, పోలీసులకే లేని అధికారం మనకెవరిచ్చారు? అడ్మిన్‌లు ఇక్కడే ఉన్నట్టున్నారు, చెప్పండి, వింటాను.