పల్లేరుకాయ, మూడు ట్యూబులు

శ్రోతలకు నమస్కారం.

నాకు ఇచ్చింది పది నిమిషాలు. సైకిలు తొక్కితే గుండెకు మంచిది, ఊరికి మంచిది అని చెప్పడానికి డాక్టర్లు ఉన్నారు, నాకంటే బాగా చెప్తారు. నేను ఒక ముల్లు గురించి చెప్తాను. ఒకే ఒక ముల్లు. కందిగింజలో సగం కూడా ఉండదు. ఆ ముల్లు పోయిన డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున కడప పక్కన గువ్వలచెరువు ఘాటు రోడ్డులో నా పరువు నడిరోడ్డున పెట్టింది.

ముందు మా జట్టును పరిచయం చేయాలి. ఐదుగురం. ఆదివారం ఇంకా తెల్లారకముందే కడప ఏడు రోడ్ల కూడలిలో నెత్తిన హెల్మెట్లు, వెనకాల ఎర్రలైట్లు పెట్టుకుని ఎవరైనా ఆవలిస్తూ కనిపిస్తే అది మేమే. ఒకాయనకు మెడికల్ షాపు ఉంది, మా అందరికీ మామ. ఇంకొకాయన ఇన్సూరెన్స్ పని చేసే అన్న. ఒకామె ఆసుపత్రిలో నర్సు, సిస్టర్ అంటాం. ఎత్తు వస్తే మాకు ఆమె వీపు తప్ప ముఖం కనపడదు. ఇంట్లో నుంచే ఉద్యోగం చేసుకునే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు. ఇక నేను. కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఫిజిక్స్ చెప్తాను అన్న మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఒక వారం ఒంటిమిట్ట, ఒక వారం పుష్పగిరి. కాళ్లలో సత్తువ ఉందని భ్రమ కలిగిన వారం గువ్వలచెరువు. పోటీలకు పోయే వాళ్లం కాదు. రెండు గంటలు తొక్కితే గంటన్నర దోసెల బండి దగ్గరే. ఎర్రకారం దోసె ఒక్కోటి తింటే ఎన్ని కిలోమీటర్లు తొక్కాలో సిస్టర్ లెక్క చెప్పబోతుంది. మేం చెప్పనివ్వం.

దారిలో పలకరింపులకు కొదవ లేదు. "యాడికి సార్, బండి చెడిపోయిందా?" అని ఒకరు. "ఎవరన్నా డాక్టరు తొక్కమన్యాడా?" అని ఇంకొకరు. అందరూ అడిగేది మాత్రం ఒకటే, "ఎంత సార్ ఇది?" దీనికి నేను నిజం చెప్పను. రోడ్డు మీద అడిగితే సగం ధర చెప్తాను. ఇంట్లో అడిగితే పావు ధర. నా భార్య ఈ ప్రసంగం వింటూ ఉంటే, ఈ ముక్క హాస్యానికి చెప్పాననుకోవాలి.

పడటాలు కూడా ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి పెడలుకు బూటు అతుక్కునే రకం కొత్తగా కొన్నాడు. మడమ పక్కకు తిప్పితే గానీ అది ఊడదు. మొదటిరోజు ఏడు రోడ్ల దగ్గర చక్కగా వచ్చి, చక్కగా బ్రేకు వేసి, చక్కగా ఆగాడు. మడమ తిప్పటం మరిచిపోయాడు. నరికిన చెట్టు మాదిరి, సైకిలుతో సహా, నిదానంగా పక్కకు ఒరిగిపోయాడు. టీ అంగడి ముందర గ్లాసులు పట్టుకున్న వాళ్లంతా ఎక్కడి వాళ్లు అక్కడే ఆగిపోయారు. దెబ్బేమీ తగల్లేదు. లేపేవాళ్లు లేపుతున్నారు, మామ మాత్రం సైకిలు దిగకుండానే అన్నాడు: "ఏడు రోడ్లు సాల్లేదా బ్బా, పడుకోని ఎనిమిదోది ఎతుకుతాండావా?"

అప్పట్నుంచి ఆ అబ్బాయి పేరు ఎనిమిదో రోడ్డు. ఫోన్లో కూడా అదే పేరుతో ఉన్నాడు. ఈ బూట్లు వాడేవాళ్లు ఎవరైనా సరే ఒక్కసారి ఇలా పడతారు. బండి కదులుతుండగా పడరు, ఆగినాక పడతారు, అదీ నలుగురు చూస్తున్న చోట పడతారు.

సరే, ముల్లు దగ్గరికి వస్తాను. గడియారం చూస్తున్నాను, పర్వాలేదు.

ఆ ఆదివారం ఐదున్నరకు బయలుదేరాం. రాయచోటి రోడ్డు. చలి బాగా ఉంది, చెవులు మొద్దుబారాయి. పాలకొండల అంచుకు వచ్చేసరికి తూర్పున ఎర్రబడింది. నాకు ఫోటో పిచ్చి. తారు రోడ్డు దిగి, సైకిలును పక్కనున్న ఎండుగడ్డిలోకి నెట్టి, కొండా, సైకిలూ, నేనూ పడేలాగా ఒకటి తీసుకున్నాను. అంతే నేను చేసిన తప్పు.

రెండు కిలోమీటర్లు పోయేసరికి వెనక చక్రం మెత్తబడింది. గాలి దిగింది. నాకు నిజం చెప్పాలంటే లోపల సంతోషమే. ఎందుకంటే పంక్చరు ఎలా వేయాలో అంతకుముందు వారమే వీళ్లకు నేను పాఠం చెప్పాను. ఇప్పుడు చేసి చూపించే అవకాశం వచ్చింది. టైరు విప్పాను, ట్యూబు లాగాను, టైరు లోపల ఒకసారి చూశాను, ఏమీ లేదు. కొత్త ట్యూబు వేశాను. వేస్తూ వేస్తూ, గాలి టైరు పుట్టిన కథ కూడా చెప్పాను. బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అని పశువుల డాక్టరు ఉండేవాడు, కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా పోవాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు, 1888లో పేటెంటు తీసుకున్నాడు అని. ఎనిమిది నిమిషాల్లో పని పూర్తి చేసి చేతులు దులుపుకున్నాను.

మామ అన్నాడు: "ఆయప్పకు మన పక్క గడ్డి తెలీదు సారూ."

కిలోమీటరున్నర. మళ్లీ గాలి దిగింది.

ఈసారి నేను ట్యూబును తిట్టాను. నాసిరకం అన్నాను. ఇన్సూరెన్స్ అన్న తన దగ్గరున్న ట్యూబు ఇచ్చాడు. ఇస్తూ, "సార్, పాలసీ కట్టిన రోజే క్లెయిమా?" అన్నాడు. మళ్లీ విప్పాను. లోపల చూశాను. ఏమీ లేదు. ఈసారి డన్‌లప్ కథ చెప్పలేదు.

సిస్టర్ మాత్రం మెల్లగా అడిగింది: "సార్, టైరు లోపల ఒకసారి బాగా చూడగూడదా?"

"చూశానమ్మా," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మూడోసారి ఘాటు మధ్యలో దిగింది. ఆ ఘాటులో లారీలు ఎక్కువ. మలుపులో ఆగితే పైనుంచి వచ్చే బండికి మనం ఆఖరి నిమిషం దాకా కనపడం. కాబట్టి రోడ్డుకు బాగా ఎడంగా ఖాళీ జాగా దొరికేదాకా సైకిలు నడిపించుకుంటూ పోయాం. నాలుగో ట్యూబు ఎవరి దగ్గరా లేదు. పాత ట్యూబుకు అతుకు వేయబోతే గమ్ము గడ్డకట్టి ఉంది. నలుగురూ నా ముఖం చూస్తున్నారు. పైన గువ్వలచెరువులో పాలకోవా ఉంది. వాళ్ల మనసు అక్కడ ఉంది.

"మీరు పోండి," అన్నాను. పోరనుకున్నాను. పోయారు.

గంటసేపు అక్కడే నిలబడ్డాను. కోవా చేసే ఊరికి పాలు దించి ఖాళీ క్యాన్లతో కిందికి వస్తున్న ఒక ఆటో నన్ను ఎక్కించుకుంది. క్యాన్ల మధ్యలో నేను, నా ఒళ్లో సైకిలు. డ్రైవరు అద్దంలోంచి చూసి అడిగాడు, ఊహించండి ఏమడిగాడో. సగం ధర చెప్పాను. "ఆ దుడ్లకు సెకండ్‌హ్యాండు బండి వస్తాదే సార్!" అని దారిపొడుగునా బాధపడ్డాడు. నేనైతే అప్పటికి అంత బాధపడటం లేదు, ఆయన్ను ఓదార్చలేక ఓదార్చలేక నాకు బాధ మొదలైంది.

ఊరి మొదట్లో చెట్టు కింద ఒక పంక్చరు అంగడి. నీళ్లబానలు, పాత టైర్లు, ఒక కంప్రెసరు. అంగడాయన నా ట్యూబు మూతి చూసి, "ఏంది సార్ ఇది, పుల్ల మాదిరి ఉండాది?" అన్నాడు. మా సైకిళ్ల వాల్వు సన్నంగా ఉంటుంది, మామూలు గాలి గొట్టం దానికి పట్టదు. వేలి గోరంత ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది, తగిలిస్తే పడుతుంది. అది నా సంచిలో ఉంది. కనీసం ఒక్కటైనా సరిగ్గా తెచ్చుకున్నాను కదా అని దాన్ని చాలా గర్వంగా తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. ట్యూబు జోలికే పోలేదు. టైరు తీసుకున్నాడు. దండెం మీదున్న పాత బనియను ముక్క చింపి, ఉండ చుట్టి, టైరు లోపల ఒక పక్కనుంచి రుద్దుకుంటూ వచ్చాడు. కళ్లు టైరు మీద కూడా లేవు, రోడ్డు మీద పోయే వాళ్లను చూస్తున్నాడు. సగం చుట్టు తిరగకముందే బనియను ఆగింది. ఒక పోగు ముల్లుకు చిక్కుకుంది.

పల్లేరుకాయ ముల్లు. విరిగిన మొన.

"ముల్లు ఆడ్నే పెట్టుకోని ట్యూబులు మారుస్తాండారు సార్," అన్నాడు. తిట్టలేదు, నవ్వలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. పంక్చరుకు మాత్రమే దుడ్లు తీసుకున్నాడు. ముల్లు తీసినందుకు వద్దన్నాడు.

ఇప్పుడు నేను ఫిజిక్స్ చెప్తాను అన్న మాట గుర్తు తెచ్చుకోండి. చూశాను, చూశాను అని రెండుసార్లు చెప్పాను కదా. నిజంగానే చూశాను. కానీ అది చూస్తే కనపడే ముల్లు కాదు. కారు టైరులో ముప్పై, ముప్పై అయిదు పౌన్ల గాలి ఉంటే, మా సన్నటి టైర్లలో ఎనభై తొంభై దాకా కొడతాం. ఆ ఒత్తిడికి ట్యూబు టైరుకు బిగదన్నుకుని ఉంటుంది. పైన మనిషి కూర్చుని తొక్కుతుంటే, ముల్లున్న చోటు నేలకు తగిలిన ప్రతిసారీ మొన లోపలికి పొడుచుకు వస్తుంది. గాలి తీసి టైరు చేతిలోకి తీసుకుంటే ఆ మొన మళ్లీ రబ్బరులోకి వెనక్కి పోతుంది. నల్లటి రబ్బరులో వెంట్రుకంత మొన, అదీ సగం దాక్కుని ఉంటే ఏ కంటికి కనపడుతుంది? చూడకూడదు. తడమాలి. మళ్లీ చెప్తున్నాను, తడమాలి. ఈ లెక్కంతా నాకు ముందే తెలుసు, తరగతిలో ఒత్తిడి పాఠం ఇన్నేళ్లుగా చెప్తున్నాను. చెట్టు కింద కూర్చుంటే గానీ టైరు దాకా రాలేదు.

మీ పిల్లల సైకిలుకైనా ఇదే వర్తిస్తుంది కాబట్టి, పద్ధతి చెప్పేస్తాను. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా గుడ్డతోనో దూదితోనో ఒక చుట్టు రుద్దండి. వేళ్లతో వద్దు, గాజుపెంకో ఇనుపతీగో ఉంటే కోసుకుంటుంది. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. ఇంకొకటి నేను ఆ తర్వాత నేర్చుకున్నాను. టైరు ఎక్కించేటప్పుడు దాని మీద అచ్చు వేసిన కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకోవాలి. అప్పుడు ట్యూబులో బెజ్జం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూస్తే, టైరులో ముల్లు కూడా ఆ పేరుకు అంతే దూరంలో ఉంటుంది. ఎటు పక్కో తెలియకపోతే రెండు పక్కలా వెతకండి. నా మూడు ట్యూబులూ ఇంటికి తెచ్చి పక్కపక్కన పరిచి చూశాను. మూడు బెజ్జాలూ వాల్వు నుంచి ఒకే కొలత. అప్పుడే కొలిచి ఉంటే నేను కూడా కోవా తినేవాణ్ణి.

పల్లేరు గురించి రెండు మాటలు చెప్పకపోతే దానికి అన్యాయం. నేలకు పరుచుకుని, పసుపుపచ్చ పూలతో చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ ముళ్లుంటాయి, ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. చెప్పుల్లేకుండా చేనిగట్ల మీద తిరిగిన వాళ్లకు ఇదంతా పాదాలకే తెలుసు. అమెరికాలో కూడా ఇది పాకింది, అక్కడి వాళ్లు దీన్ని పంక్చర్ తీగ అంటారు. ఆ పేరు వినగానే, ఎన్ని వేల మైళ్ల అవతలో నాలాగా రోడ్డు పక్కన కూర్చున్న ఒక మనిషి కళ్లముందు మెదిలాడు, కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం మామ అంగడికి పోయాను. ముల్లు చూపించాను. జేబులో కాగితంలో మడిచి తెచ్చాను. కళ్లద్దాలు పైకెత్తి చూసి, వెనకనున్న అరలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. గోక్షుర చూర్ణం. "ఇదే కాయ సారూ. నేను పొడి చేసింది అమ్ముతా. నువ్వు పచ్చిగా తీసుకున్యావ్."

తర్వాత చిన్న దూది ఉండ తీసుకున్నాడు. నా ముల్లును అందులో గుచ్చాడు. మాత్రలు వేసిచ్చే చిన్న కాగితపు కవర్లు ఉంటాయి కదా, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గళ్లు ఉంటాయి, అందులో వేశాడు. పెన్ను తీసి మూడు గళ్లలోనూ టిక్కు పెట్టాడు. కింద రాశాడు: టైరు విప్పిన వెంటనే, ట్యూబుకు ముందు.

ఆ కవరు నా సీటు కింద సంచిలో, ఇత్తడి బిళ్ల పక్కనే ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ గువ్వలచెరువు. ఫోటోలు తీసే పని ఎనిమిదో రోడ్డుకు అప్పగించారు.

సెలవు. నమస్కారం.